వెన్నులో గొట్టం గురించి పెద్దమ్మ ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్, అంటే వెన్నులోకి మందు పంపే సన్నని గొట్టం, పెడతామని మత్తు డాక్టరు అన్నారట, నువ్వు వద్దంటున్నావట. వెన్నులో సూది గుచ్చితే జన్మంతా నడుం నొప్పేనని బొబ్బిలిలో మీ వీధివాళ్లు చెప్పారని మీ అమ్మ ఫోనులో వాపోయింది. మూడేళ్ల క్రితం నాకూ పెట్టారు. నా నడుం నొప్పి అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. సూది దిగినచోట కొన్నాళ్లు సలపవచ్చు, అంతవరకే.

కూర్చోబెట్టి, గడ్డం గుండెలకు ఆనించి వీపు విల్లులా వంచమంటారు. ముందు చర్మానికిచ్చే మత్తు చురుక్కుమంటుంది, ఆపైన ఒత్తిడే. దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెప్పు, చటుక్కున కదలకు. చివరికి సూది తీసేసి లావుపాటి దారమంత గొట్టం ఉంచుతారు. రెండు మూడు రోజులు మందు అందులోంచే వెళుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. రెండో రాత్రి కుట్ల దగ్గర నొప్పి మొదలైంది. నర్సమ్మ అలసిపోయి ఉంది, పిలవడమెందుకని పళ్లు బిగించి పడుకున్నాను. తెల్లవారేసరికి ఊపిరి పైపైనే ఆడుతోంది. దగ్గలేక గొంతులో కఫం గురగురమంటోంది. డాక్టరు వచ్చి ప్లాస్టర్ ఎత్తి చూస్తే గొట్టం బయటికి జారి చుట్టుకుని ఉంది. రాత్రంతా మందు తాగింది నేను కాదు, దుప్పటి! వీపు కింద తడి తగిలితే వెంటనే పిలువు. నొప్పి పదికి ఎంతని అడిగితే, కదలకుండా పడుకున్నప్పటి అంకె కాదు, దగ్గినప్పటిది చెప్పు. గుండెల నిండా ఊపిరి తీయలేకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది.

దురద పుట్టవచ్చు, కాళ్లు బరువెక్కవచ్చు, బీపీ తగ్గవచ్చు. ఒంటరిగా మంచం దిగకు. కాళ్ల బలం తగ్గుతూ పోయినా, వెన్నులో కొత్తగా తీవ్రమైన నొప్పి వచ్చినా, జ్వరం తగిలినా, గొట్టం తీసేసిన తర్వాతైనా సరే, క్షణం ఆలస్యం చేయకు.

అన్నట్టు, గుండెకు వేసుకునే రక్తం పలచబరిచే మాత్ర సంగతి ఆ డాక్టరుకు చెప్పావా? ఆ మాత్ర వల్ల వెన్నులో రక్తం కారి గడ్డగా పేరుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ మాత్ర ఎప్పుడు ఆపాలో, గొట్టం ఎప్పుడు తీయాలో వాళ్లే లెక్క చూసుకుంటారు. నీ అంతట నువ్వు ఆపకు. ఎపిడ్యూరల్ కుదరదంటే నొప్పికి వేరే మార్గాలున్నాయి, అడుగు.

ఆపరేషన్ ముందురోజు ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వస్తాను. దగ్గేటప్పుడు పొట్టకు అదుముకోవడానికి నా చిన్న దిండు తెస్తున్నాను.

మీ పెద్దమ్మ