మూడు ఊళ్ళలో ఏదని అడిగావు

విజయనగరం

చిట్టితల్లీ,

పెద్దమ్మ ఆశీస్సులు. హైదరాబాదు, బెంగళూరు, పుణే, మూడింట్లో బదిలీకి ఏది కావాలో చెప్పమని అల్లుడుగారిని ఆఫీసులో అడిగారని, పదిహేను రోజుల్లో జవాబివ్వాలని రాశావు. "ఆయన ఎక్కడంటే అక్కడే పెద్దమ్మా" అని చివర్లో రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట నేనూ అన్నదాన్నే.

మీ పెదనాన్నకు రైల్వేలో రాయ్‌పూర్ బదిలీ అయినప్పుడు జీతం చూశాం, క్వార్టర్ చూశాం, బయల్దేరిపోయాం. మన ఊరి నుంచి నేరుగా రైలుంది కదా అనుకున్నాం. నాకు హిందీ ముక్క రాదు. ఇక్కడ కాన్వెంటులో చెప్పే పాఠాలు మానేసి వెళ్ళాను. ఆయన డ్యూటీకి వెళ్తే సాయంత్రం దాకా నేనూ గోడలూ. కూరగాయల బండి దగ్గర వేళ్ళు చూపించి బేరమాడేదాన్ని. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారని, మన బొబ్బిలి వైపు వాళ్ళు రెండు వీధుల అవతలే ఉన్నారని ఎనిమిది నెలలకు గానీ తెలియలేదు. మళ్ళీ బడి గుమ్మం తొక్కలేదు. అది ఆయన తప్పు కాదు. నా పగలు ఎలా గడుస్తుందన్న మాట ఊరు అనుకునేటప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

అందుకే ముందు నీ ఉద్యోగం సంగతి చూడు. నువ్వు తెలుగు టీచరువి. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు చెప్పడం తప్పనిసరి చేశారు. సీబీఎస్‌ఈ బడులకైనా తెలుగు చెప్పేవాళ్ళు కావాలి. బెంగళూరులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నా బడుల్లో తప్పనిసరి భాష కన్నడం. పుణేలో మరాఠీ. అక్కడ నీ పన్నెండేళ్ళ అనుభవాన్ని అడిగేవాళ్ళు తక్కువ. జీతం నెలకు పదివేలు ఎక్కువని బెంగళూరు వైపు మొగ్గుతున్నారట. నీ జీతం ఆగిపోతే మిగిలేదెంతో కాగితం మీద వేసి చూడండి. ఇంటి అడ్వాన్సు కూడా అక్కడ ఆరు నుంచి పది నెలల అద్దె అడుగుతారు.

ఇక బాబు చదువు. దీని గురించి చాలామంది ఆలస్యంగా మేలుకుంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అయితే ఇంటర్ రెండో ఏడుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే లోకల్, అంటే స్థానికుడు. ఇంజనీరింగ్‌లో ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో ఇచ్చే కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకే. వాడు ఇప్పుడు ఎనిమిది రాస్తున్నాడు. అంటే తొమ్మిది నుంచి ఆ నాలుగేళ్ళూ మొదలవుతాయి. హైదరాబాదు వెళ్తే జూన్‌లో బడి తెరిచే నాటికే చేరాలి. దసరా సెలవుల తర్వాత చూద్దాం, ఆయన ముందు వెళ్ళి సర్దుకుంటాడు అనుకుంటే లెక్క తప్పుతుంది. తొమ్మిది ఇక్కడ, మిగతావి అక్కడ అయితే రెండు చోట్లా చిక్కే.

మీ అమ్మ మోకాళ్ళు నీకు తెలుసు. పిలిస్తే రాగలిగే దూరం కావాలి. హైదరాబాదులో సాయంత్రం రైలెక్కితే తెల్లారి మన స్టేషన్లో దిగొచ్చు. బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒక రోజు, పుణే నుంచి కోణార్క్ అయితే రోజు దాటిపోతుంది. సంక్రాంతికి, పైడితల్లమ్మ సిరిమానుకి రావాలంటే 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచిన పూటే టికెట్ కొట్టాలి. అది ఏ ఊరైనా తప్పదు.

హైదరాబాదు అన్నంత మాత్రాన అయిపోలేదు సుమా. ఆఫీసు గచ్చిబౌలిలో ఉంటే ఉప్పల్లో అద్దె తక్కువని ఇల్లు తీసుకోవద్దు. ఆయన రోజంతా రోడ్డు మీదే ఉంటాడు, ఇల్లంతా నీ నెత్తిన పడుతుంది. ఆఫీసు ఏ ప్రాంతమో రాతపూర్వకంగా తెలుసుకోండి. వాడి బడి, నీకు దొరికే బడి, ఆఫీసు మూడూ చూసుకుని ఇల్లు వెతకండి. కారు మాత్రం 12 నెలలు దాటి అక్కడే ఉంచితే ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి, ఇక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అదే ఎన్‌ఓసీ, తెచ్చుకోండి.

జవాబిచ్చే ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి ఇద్దరూ వెళ్ళి రండి. ఒక్క రోజైనా ఆయన లేకుండా నువ్వు ఒక్కదానివే బస్సెక్కి, రెండు బడుల్లో మాట్లాడి, కూరగాయలు కొనుక్కుని రా. ఆ రాత్రి నీకు ఏమనిపించిందో అల్లుడుగారికి ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన మంచివాడు, వింటాడు. నువ్వు చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

బాబుని ఆ నాలుగు రోజులూ నా దగ్గర వదిలి వెళ్ళు. పనస పొట్టు కూర వండి పెడతాను.

మీ పెద్దమ్మ