బహుమతి ఇచ్చింది న్యాయనిర్ణేతలు, డబ్బు కట్టాల్సింది రైతు

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే ఫోనుకు హెచ్చరిక పంపే పరికరాన్ని ముగ్గురు స్నేహితులతో కలిసి తయారు చేశాడు. ఒక పోటీలో దానికి మొదటి బహుమతిగా లక్ష రూపాయలు వచ్చాయి. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం వద్దు, కంపెనీ పెడతానంటున్నాడు. మాది మధ్యతరగతి కుటుంబం. ఏం చేయాలో పాలుపోవడం లేదు.
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: ముందుగా ఆ నలుగురికీ నా అభినందనలు చెప్పండి. చివరి సంవత్సరం ప్రాజెక్టును బయట డబ్బిచ్చి చేయించుకునే విద్యార్థులను ఎందరినో చూశాను. మీవాళ్లు సొంత ఊరి చెరువుల కష్టాన్ని పట్టుకుని చేతులతో పనిచేశారు. ఉద్యోగంలో చేరినా, కంపెనీ పెట్టినా ఆ అనుభవం ఎక్కడికీ పోదు.

అయితే ఆ బహుమతి ఏం చెబుతోందో నిదానంగా ఆలోచించాలి. ఆలోచన బాగుంది, చెప్పిన తీరు బాగుంది అని న్యాయనిర్ణేతలు అన్నారు. రైతు జేబులోంచి డబ్బు తీస్తాడా అనేది వారు తేల్చగలిగే విషయం కాదు. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థుల వ్యాపార ప్రణాళికల పోటీలో 1998లో ఫైనల్ దాకా వచ్చి గెలవలేకపోయిన జట్టే నేటి ఇంటర్నెట్ కంపెనీ అకమాయ్. మరుసటి ఏడాదే ఆ కంపెనీ స్టాక్ మార్కెట్లో నమోదైంది. పోటీ ఫలితమూ వ్యాపార ఫలితమూ ఒకటి కావు.

మీ అబ్బాయి పరికరానికి అసలు పరీక్ష చెరువు దగ్గరే. పగలు ఎండలో నీటిలో తేలే సూక్ష్మమైన ప్లాంక్టన్ (మొక్కల్లాంటి జీవులు) ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలు ఇబ్బంది పడతాయి. ఆ వేళ రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతూ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా చూసుకుంటాడు. ఇదంతా మీ ప్రాంతం వారికి నేను చెప్పాల్సిన పని లేదు.

పోటీ వేదిక మీద శుభ్రమైన నీటిలో చక్కగా పనిచేసిన సెన్సరుకు చెరువులో కొద్ది రోజులకే పాచి పడుతుంది, రీడింగు తప్పుతుంది. దాన్ని ఎవరు తుడవాలి? ఎన్నాళ్లకోసారి సరిచూడాలి? సిగ్నల్ అందని గట్టు మీద హెచ్చరిక ఎలా చేరుతుంది? వరుసగా మూడు రాత్రులు తప్పుడు హెచ్చరికతో నిద్ర లేపితే నాలుగో రాత్రి రైతు ఫోను కట్టేసి పడుకుంటాడు. సరిగ్గా ఆ రాత్రే ఆక్సిజన్ పడిపోతే పంట మొత్తం పోవచ్చు. ఈ ప్రశ్నలకు జవాబులు దొరికితేనే అది అమ్మదగిన వస్తువు.

ఈ రంగంలో మీవాళ్లే మొదటివారు కాదు. చెరువుల పర్యవేక్షణ పరికరాలతో ఎరువాక టెక్నాలజీస్ 2012లోనే విజయవాడలో మొదలైంది. దానికి భయపడనక్కర్లేదు. గిరాకీ ఉందని దానివల్ల తెలుస్తోంది. కాకపోతే ఉన్న పరికరాలను వాడుతున్న రైతులను, వాడి మానేసిన రైతులను కలవాలి. ఎందుకు మానేశారో అడిగితే మీవాళ్లకు దారి కనిపిస్తుంది.

చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేశారు. పోచంపల్లి చీర కోసం ఆసు పోసి పోసి (నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పే పని) తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూసి యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. ఒక్క చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఏళ్ల తరబడి కష్టపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆ బాధ పక్కనే ఏళ్లపాటు ఉన్నారు. మీ అబ్బాయి చెరువు పక్కన ఇప్పటిదాకా ఎన్ని రాత్రులు ఉన్నాడో అడగండి.

ఆలస్యం చేయకూడని పని ఒకటుంది. మన పేటెంటు చట్టంలో దరఖాస్తుకు ముందే ఆవిష్కరణ బహిరంగమైతే కొత్తదనం పోయినట్టే. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొన్ని సందర్భాలకే 12 నెలల వెసులుబాటు ఉంది. పోటీలో పరికరం లోపలి వివరాలు ఎంతవరకు చూపించారో కాగితం మీద రాసుకుని వెంటనే పేటెంటు నిపుణులను కలవమనండి. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు గడువు ఉంటుంది. కాలేజీ ల్యాబ్ వాడారు కాబట్టి హక్కుల మీద కాలేజీ నిబంధనలూ చదవాలి. నలుగురిలో ఎవరి వాటా ఎంత, మధ్యలో ఒకరు ఉద్యోగానికి వెళ్లిపోతే ఏమిటి అన్నది ఇప్పుడే రాసుకోవాలి. స్నేహం చెడేది ఇక్కడే. నా దగ్గరికి అలా విడిపోయి వచ్చిన జట్లు ఉన్నాయి.

ఇక ఉద్యోగం. ఆఫర్‌ను ఇప్పుడే వదులుకోవద్దు. చేరే తేదీ ఎప్పుడో కంపెనీని అడగండి. అప్పటిదాకా ఉన్న సమయం మీ అబ్బాయిది. ఆలోపు కనీసం పదిమంది రైతులు, మీ బంధువులు కానివారు, ఎంత చిన్న మొత్తమైనా అడ్వాన్సు ఇచ్చి పరికరాన్ని చెరువులో పెట్టించుకోవాలి. అది జరిగితే ఒక ఏడాది అతనికి ఇవ్వండి అని నేను ధైర్యంగా చెబుతాను. నమూనా తయారీకి కేంద్రం నిధి-ప్రయాస్ పథకంలో ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే కేంద్రాల) ద్వారా 10 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లోని టీ-వర్క్స్‌లో నమూనాలు చేసుకునే యంత్రాలున్నాయి. పదిమంది దొరక్కపోతే ఉద్యోగంలో చేరనివ్వండి. గేట్ రాస్తే ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి పైచదువు దారి కూడా తెరిచే ఉంటుంది.

ఏ దారి పట్టినా ఇల్లు గానీ, పొలం గానీ తాకట్టు పెట్టకండి. ఈ దశలో అంత డబ్బు అవసరమే రాదు.

ఈ శనివారం మీ అబ్బాయిని తెలిసిన రైతు చెరువు దగ్గర పడుకోమనండి. రాత్రి రెండు నుంచి ఆరు దాకా రైతు ఎన్నిసార్లు లేచాడు, దేనికి లేచాడు, ఏం చూశాడు అన్నీ రాసుకోమనండి. ఆ కాగితం నాకు పంపండి. తర్వాత సంగతి దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.