ఇంట్లో సీమంతం ఫోటోలకు ఎనిమిది వేలు ఎక్కడ పెట్టాలి?

చెల్లెలి సీమంతం ఇంట్లోనే చేస్తున్నాం, నా దగ్గర కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి, హాల్లో ఏది తీసినా షేక్ అయి మసగ్గా వస్తోంది, ఎనిమిది వేలకు మించి పెట్టలేను, కెమెరా అమ్మేసి వేరేది తీసుకోనా అని అడిగారు. అమ్మొద్దండి. మా చుట్టాల ఇళ్లలో బారసాలలు, వ్రతాలు ఏళ్ల తరబడి ఇలాంటి కెమెరాతోనే తీస్తున్నాను. మార్చాల్సింది లెన్స్.

కెమెరాతో వచ్చిన మీ కిట్ లెన్స్ జూమ్ చేసి 55 దగ్గర పెడితే ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది). 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ అదే గదిలో దాదాపు పది రెట్లు వెలుతురు లాగుతుంది. కిట్ లెన్స్‌కి 1/10 సెకను పట్టే ఫోటో దీంతో 1/100కి అయిపోతుంది. గాజులు తొడిగే చెయ్యి 1/10లో చెదిరిపోతుంది, 1/100లో గాజు మీద చమ్కీతో సహా వస్తుంది. 2015లో వచ్చిన ఎస్‌టీఎం మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో చూడండి, మీ డబ్బుల్లో వచ్చేస్తుంది. తీసుకునే ముందు లెన్స్‌ని లైటు వైపు పట్టి లోపలికి చూడండి. అద్దం మీద సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఈ లెన్స్‌తో రెండు ఇబ్బందులున్నాయి. మీ కెమెరా సెన్సర్ (లోపల వెలుతురు పట్టే చిప్) చిన్నది కాబట్టి 50 అన్నది 80లా, అంటే ఇంకాస్త జూమ్ చేసినట్టు కనిపిస్తుంది. గోడకి ఆనుకుని నిలబడ్డా నలుగురు ముత్తయిదువలు ఫ్రేములో పట్టరు. గ్రూపు ఫోటోలకు కిట్ లెన్స్‌నే 18 దగ్గర వాడుకోండి, అప్పుడు ఎలాగూ అందరూ కదలకుండా నిలబడతారు. రెండోది, దగ్గర్నుంచి ఎఫ్ 1.8లో తీస్తే రెండు మూడంగుళాల మందమే షార్ప్‌గా ఉంటుంది. పెళ్లికూతురిలా ముస్తాబైన చెల్లెలి కన్ను మీద ఫోకస్ పెట్టండి, పక్కన ఇంకొకరుంటే ఎఫ్ 2.8కి వెళ్లండి.

షట్టర్, అంటే ఫోటోకి పట్టే సమయం, 1/100 దగ్గరే ఉంచమంటాను. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కంటికి తెలీదు గానీ 1/250లో తీస్తే ఫోటో మీద అడ్డంగా చారలు పడొచ్చు.

డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది, నా లెక్కలో లెన్స్ కంటే అదే ముందు. కుర్చీ ఎక్కడ వేస్తున్నారో పెద్దవాళ్లని ఇప్పుడే అడగండి. ఎలాగూ తూర్పు ముఖంగానే కూర్చోబెడతారు. అటువైపు గుమ్మమో కిటికీయో ఉంటే కర్టెన్లు పూర్తిగా తీసేసి, కుర్చీని రెండడుగులు దానివైపు జరిపించండి. సరిగ్గా ట్యూబ్‌లైట్ కింద మాత్రం వద్దు, కళ్ల కింద నీడలు పడి మనిషి నీరసంగా కనిపిస్తుంది. పగటి వెలుతురు చాలినంత ఉంటే పసుపురంగు బల్బులు ఆపేయండి. లేకపోతే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది, తర్వాత యాప్‌లో అది సరిచేయడం కష్టం.

చవక మాన్యువల్ ఫ్లాష్ కొనమని ఎవరైనా అంటే, ముందు మీ కెమెరా పైన ఫ్లాష్ తొడిగే చోట చూడండి. మధ్యలో గుండ్రటి లోహపు చుక్క లేకపోతే ఆ ఫ్లాష్ వెలగదు. 1500డిల్లో ఆ చుక్క లేనివి ఉన్నాయి. ఉంటే మంచిదే, ఫ్లాష్ తలని స్లాబు వైపు తిప్పి కొట్టండి, తెల్ల సున్నం మీంచి వెలుతురు మెత్తగా దిగుతుంది. ఆకుపచ్చ గోడల వైపు కొడితే మొహాలు కూడా ఆకుపచ్చగా వస్తాయి. హారతప్పుడు మాత్రం ఫ్లాష్ ఆపేయండి, కర్పూరం వెలుగు మొహం మీద పడాలంటే అది ఉండకూడదు.

ముందురోజు అదే టైముకి ఆ కుర్చీలో ఎవర్నైనా కూర్చోబెట్టి నాలుగు ఫోటోలు తీసి చూసుకోండి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) 3200 దాకా పెంచడానికి భయపడకండి, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫార్మాట్‌లో తీయండి. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచితే నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు, ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.