చదివి వినిపించే పరీక్షకు సాధన

ప్రశ్న: ఆంగ్ల ప్రావీణ్యాన్ని కంప్యూటర్‌పై కొలిచే పీటీఈ అకడమిక్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. తెరపై కనిపించే పేరాను బిగ్గరగా చదివేటప్పుడు మాట తడబడితే వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటున్నాను. ఇది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా ఆ అలవాటు మానుకోండమ్మా. ఇక్కడ చదివిన విషయంతో పాటు ధారాళతను, ఉచ్చారణను కూడా కంప్యూటర్ కొలుస్తుంది కనుక, ఒక పదం తప్పుపోతే కలిగే నష్టం కంటే ఆగి మళ్లీ చదవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. మూడు సెకన్లు మౌనంగా ఉంటే రికార్డింగే ఆగిపోతుంది.

మైకు తెరుచుకునే ముందు దొరికే 30 నుంచి 40 సెకన్లలో పేరాను మనసులో కాక పెదవులు కదుపుతూ చదివి, కఠినమైన పదాలను ఒకసారి పలికి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిర్ణయించుకోండి.

మనవారిలో నేను తరచుగా గమనించేది పదాల చివరి అచ్చు. ‘బస్’ను ‘బస్సు’ అనడం, ‘ఎగ్’ను ‘యెగ్గు’ అనడం అజంతమైన, అంటే పదాలు అచ్చుతో ముగిసే మన భాషకు సహజమే. ఆంగ్లంలో మాత్రం అది పదం రూపాన్నే మార్చేస్తుంది. రోజూ ఆంగ్ల దినపత్రిక నుంచి 60 పదాల లోపు పేరా ఒకటి చదివి, ఫోనులో రికార్డు చేసుకుని, ఆ చివరి అచ్చుల కోసమే వినండి.