సమాధానం: మామిడి పూత నష్టానికి అంతర్జాతీయ నిధి అడగాలంటే

అన్నా, వానలకు మామిడి పూత పోయిందని బంగారుపాళెం రైతుల సంఘం తరఫున ‘లాస్ అండ్ డ్యామేజ్’ నిధికి (వాతావరణ మార్పుతో జరిగిన నష్టానికి పెట్టిన అంతర్జాతీయ నిధి) నేరుగా ఈమెయిల్ పెట్టాం, ఉలుకూ పలుకూ లేదన్నారు. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో ఒప్పుకుని 2023లో దుబాయ్‌లో మొదలుపెట్టిన ఆ నిధికి దేశం తరఫున ప్రతిపాదన వెళ్లాలి, సంఘాల అర్జీలు తీసుకోరు. పొగ వదిలింది ధనిక దేశాలు, పూత రాలింది మనకు, అయినా తలుపు ఇంత దూరంలో పెట్టడం అన్యాయమే.

మీకు దగ్గరి దారి నాబార్డ్, అంటే జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు. గ్రీన్ క్లైమేట్ ఫండ్, అడాప్టేషన్ ఫండ్ అనే రెండు అంతర్జాతీయ వాతావరణ నిధుల్లోనూ దానికి గుర్తింపు ఉంది. ముందు డీడీఎంను, అంటే నాబార్డ్ జిల్లా అధికారిని కలవండి. ఒక్క సంఘంతో పని కాదు, చుట్టుపక్కల మండలాల సంఘాలను కలుపుకొని రెండు పేజీల నోట్ ఇవ్వండి. ఒకటి గుర్తుంచుకోండి: ఈ రెండూ ముందు జాగ్రత్తకు డబ్బిస్తాయి, పోయిన పంటకు కాదు. దానికి బీమా, ఇన్‌పుట్ సబ్సిడీయే గతి.

నోట్ ఎక్కువగా వీగిపోయేది ఆధారాల దగ్గరే. ‘వానలు మారిపోయాయి’ అంటే చాలదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మండల వర్షపాతం రోజువారీగా, వీలైతే 30 ఏళ్లది తీయండి. పూత విచ్చుకున్నప్పుడు వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, పరాగసంపర్కం చేసే ఈగలు వాలవు, తేమకు మచ్చ తెగులు పట్టి పూగుత్తి నల్లబడుతుంది. పూత విచ్చుకున్న తేదీలనూ వాన తేదీలనూ పక్కపక్కన చూపండి, ఫొటోలు జతచేయండి. తోతాపురి ధర పడిపోయిన నష్టం మాత్రం ఇందులో కలపొద్దు. అది మార్కెట్ గొడవ, కలిపితే అసలు వాదన బలహీనపడుతుంది.

ఇచ్చేది గ్రాంటా, అప్పా అని మొదటి సమావేశంలోనే అడగండి. అభివృద్ధి చెందుతున్న దేశాలకు అందే ప్రభుత్వ క్లైమేట్ నిధుల్లో ఎక్కువ భాగం అప్పులే.