నువ్వు విసిగింది దేనితో, అమ్మలూ?

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ పెదనాన్న, నేను కులాసా. మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో "ఇంక ఈ ప్రైవేటు బడి టీచరు పని నా వల్ల కాదు పెద్దమ్మా, మానేస్తాను" అని ఏడ్చిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, అల్లుడుగారికి కూడా వినిపించు.

ముందు ఒక్కటి అడుగుతాను. నువ్వు విసిగింది దేనితో? పిల్లలతోనా, బడితోనా? ఆ రోజు నువ్వు మే నెల ఎండలో కరపత్రాలు పట్టుకుని గడప గడపకీ తిరిగి వచ్చావు. అడ్మిషన్ల లెక్క చెప్పావు, ఏడాదికి పది నెలలే ఇచ్చే జీతం గురించి చెప్పావు, రాత్రి పదింటికి గ్రూపులో పడే మెసేజ్‌ల గురించి చెప్పావు. అరగంట మాట్లాడావు, ఒక్క పిల్లాడి మీద కూడా ఒక్క మాట అనలేదు. పైగా మధ్యలో ఏడుపు ఆపి, మూడో తరగతిలో 'మ'కీ 'య'కీ తేడా పట్టలేని ఆ కుర్రాడు ఏడాది చివరికి పేజీ చదివాడని చెప్పావు. నీ గొంతు మారింది అక్కడ. నేను విన్నాను.

అందుకే అంటున్నాను, ఏ ఉద్యోగం అని వెతికే ముందు ఇది తేల్చుకో. జూన్‌లో బడి తెరిచాక పదిహేను రోజులపాటు గోడ మీద కేలండర్ గడిలో, ఆ రోజు నిన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ఏదో ఒక్క ముక్క రాయి. నిజంగానే పిల్లలే అయితే దానికీ సిగ్గుపడాల్సిన పని లేదు. పదకొండేళ్లు నలభై మంది ముందు గొంతు చించుకున్నావు.

యాజమాన్యంతోనే విసిగితే అసలు దారి డీఎస్సీ, అంటే ప్రభుత్వ బడుల్లో టీచర్లని తీసుకునే పరీక్ష. అది తరగతి గదిని వదలడం కాదు, యజమానిని మార్చుకోవడం. మన ఆంధ్రాలో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఇచ్చారు, అందులో ఓసీలకి కూడా వయసు 44 దాకా ఇచ్చారు. నీకింకా 36. టీచరు అర్హత పరీక్ష, అదే టెట్, దాని సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది గానీ, డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ దానిదే కాబట్టి ఆ మార్కులతో సరిపెట్టుకోకు, మళ్లీ రాసి పెంచుకో. అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చోవద్దు. 2018 తర్వాత మళ్లీ పూర్తిస్థాయి డీఎస్సీ జరగడానికి 2025 దాకా పట్టింది. ఆ ఏడేళ్లు పుస్తకాలు ముందేసుకుని ఎదురుచూసిన వాళ్లని మన వీధిలోనే చూశాను.

ఇక తరగతి గదే వద్దనుకుంటే. నా సంగతి చెబుతాను. 2006లో నేను పద్నాలుగేళ్ల లెక్కల టీచరు పని మానేసి హైదరాబాదులో కంప్యూటర్ పాఠాలు తయారుచేసే చోట చేరాలని వెళ్లాను. నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా సరిగా రాదు. పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చారు: 302లోంచి 178 తీసేస్తే ఎంత? జవాబు మాకు తెలుసు, మిగతా మూడు తప్పు జవాబులు ఏం పెడతారో మీరు చెప్పండి అన్నారు. నా ముందు కూర్చున్న ఇంజినీరు కుర్రాడు 123, 125, 134 అని పెట్టాడు. నేను మొదట 276 రాశాను. ఎందుకని అడిగారు. అప్పు తెచ్చుకోవడం రాని పిల్లలు ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తారు, ఎనిమిదిలోంచి రెండు, ఏడులోంచి సున్నా, మూడులోంచి ఒకటి, కాబట్టి ఈ జవాబు ఎంచుకున్న పిల్లకి ఏం రాదో మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది అన్నాను. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. నాకు ఉద్యోగం ఇచ్చింది ఆ 276 అమ్మలూ.

నీ దగ్గర అలాంటివి వందలున్నాయి. ఏ పాఠం దగ్గర ఏ పిల్లలు ఎక్కడ ఆగిపోతారో తెలియడం నీ ఆస్తి. పాఠ్యపుస్తకాలు, వర్క్‌బుక్కులు వేసే ప్రచురణకర్తలకి, ఆన్‌లైన్ పాఠాలు చేసేవాళ్లకి, టీచర్లకి శిక్షణ ఇచ్చేవాళ్లకి కావలసింది అదే. "పదకొండేళ్ల అనుభవం" అని బయోడేటాలో రాస్తే ఎవరూ ఆగి చూడరు. భిన్నాల్లో పిల్లలు చేసే పది తప్పులు, ఒక్కోదానికి నువ్వు చేసే మందు, నాలుగు పేజీలు రాసి జతచెయ్యి. ఈ వేసవిలోనే కూర్చుని రాయి.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ఆన్‌లైన్ చదువుల కంపెనీల్లో "అకడమిక్ కౌన్సెలర్" కావాలని ప్రకటనలు వస్తాయి. చాలాచోట్ల అది అమ్మకం పనే. తల్లిదండ్రులకి ఫోన్లు చేసి కోర్సు అంటగట్టాలి, నెలకింత అని టార్గెట్ ఉంటుంది. ఎండలో చేసిన క్యాన్వాసింగే ఏసీలో కూర్చుని చెయ్యాలి, అంతే తేడా. 2022 నుంచి ఆ కంపెనీలు వరసగా జనాన్ని తీసేశాయి కూడా. చేరే ముందు "నా పనిని దేనితో కొలుస్తారు?" అని సూటిగా అడుగు.

నాకైతే నీకు బాగా నప్పేది స్పెషల్ ఎడ్యుకేషన్ అనిపిస్తుంది. ఆ 'మ', 'య' కుర్రాడి దగ్గర బడి వదిలాక రోజూ ఇరవై నిమిషాలు కూర్చున్నావు చూడు, అదే ఆ పని. చదువులో వెనకబడ్డ, ఆటిజం ఉన్న పిల్లలతో ఒక్కొక్కరుగా కూర్చునే వాళ్లు బడుల్లోనూ థెరపీ సెంటర్లలోనూ చాలా తక్కువ. కానీ 1992 నాటి చట్టం ప్రకారం, ఈ పనివాళ్లకి గుర్తింపు ఇచ్చే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా ఆ పని చెయ్యకూడదు, ఆ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సే చదవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1984లో పెట్టారు, అక్కడ విచారించు. మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే సెంటర్లకి ఒక్క రూపాయి కట్టకు. కాలేజీ పేరు కౌన్సిల్ జాబితాలో కళ్లారా చూశాకే ఫీజు.

పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్, రూమ్ టు రీడ్ లాంటి స్వచ్ఛంద సంస్థలు కూడా ఉన్నాయి. పని మంచిది, ఊళ్లు తిరగాలి. చంటాడు చిన్నవాడు, ఇప్పుడే వద్దు. ఇంకోటి, అమెరికాలో మనవాళ్ల పిల్లలకి తెలుగు చెప్పడం. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి స్వచ్ఛంద టీచర్లతో నడుస్తోంది, ఇంట్లో ఒక్కరికే చెప్పించుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. మనకి ఉదయం ఆరైతే వేసవిలో కాలిఫోర్నియాలో ముందురోజు సాయంత్రం అయిదున్నర. నువ్వు బడికి బయల్దేరేలోపు ఒక క్లాసు అయిపోతుంది. మా ఆడపడుచు మనవరాళ్లు ఇద్దరున్నారు, వాళ్లతో మొదలుపెట్టిస్తాను.

నా మాట వింటే ఈ ఒక్క ఏడాది ఆ బడిలోనే ఉండి, పక్కనే దారి వేసుకుని, వచ్చే ఏప్రిల్‌లో చెప్పి బయటికి రా. ఒంట్లో బాగాలేక మానేయాల్సి వస్తే అది వేరే సంగతి, అప్పుడు నన్ను అడగను కూడా అడగొద్దు. నేను జనవరిలో, పదో తరగతి పరీక్షల ముందు కోపంతో మానేశాను. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ బడివాళ్లు నాలుగు నెలలు ఇవ్వలేదు. ఒరిజినల్స్ చూపించలేక, ఆ కంప్యూటర్ పాఠాల ఉద్యోగం కంటే ముందు నేను అనుకున్న ఉద్యోగం పోయింది.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము, అడిగితే టీచర్లకి ఉండదన్నారు. అప్పట్లో సుప్రీంకోర్టు తీర్పు కూడా అలాగే ఉంది. 2009లో చట్టం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచీ టీచర్లకి వర్తిస్తుందన్నారు. 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. నాకా సంగతి తెలిసేసరికి ఆ బడే మూతపడింది. నీ విషయంలో అలా కాకూడదు. ఐదేళ్లు నిండితే అది నీ హక్కు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేళ్లు చేశావో దానితో గుణించాలి. నీకు బేసిక్ 22,000 అనుకుంటే పదకొండేళ్లకి సుమారు 1,39,600 రూపాయలు. అది దయాధర్మం కాదు, గట్టిగా అడుగు.

పీఎఫ్ ఉంటే నీ పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్‌తో వెబ్‌సైట్ లోపలికి వెళ్లి నెలనెలా జమ అవుతోందో లేదో ఇప్పుడే చూడు. మానేశాక బయటికి వచ్చిన తేదీ అందులో ఎక్కించారో లేదో చూడాలి. పదేళ్లు దాటాయి కనక పెన్షన్ భాగం చేతికి రాదు, 58 ఏళ్లప్పుడు పెన్షన్‌గా వస్తుంది. దాని కోసం స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకో. రిలీవింగ్ లెటరు, ఏ తరగతులకి ఏం చెప్పావో రాసిన అనుభవ ధ్రువపత్రం, రెండూ చేతికొచ్చాకే టీచర్లకి స్వీట్లు పంచు.

అన్నట్టు, చంటాడికి ఆ బడిలో టీచరు బిడ్డగా ఫీజు లేదు కదా. నువ్వు మానేస్తే అది పోతుంది. కొత్త జీతం లెక్క వేసేటప్పుడు వాడి ఫీజు, ఆర్నెల్ల ఇంటి ఖర్చు కలిపి వేసుకో. అల్లుడుగారితో కూర్చుని కాగితం మీదే వెయ్యి, నోటి లెక్కలొద్దు.

వచ్చే ఆదివారం వాణ్ణి తీసుకుని రా. మామిడికాయలు దించారు, ఆవకాయ కలపాలి, నీ చేతి సాయం కావాలి. వచ్చేటప్పుడు టెట్ మార్కుల కాగితం, పీఎఫ్ పాస్‌బుక్కు తెచ్చుకో. ఈలోపు ఒక్క పని చెయ్యి: నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంటి బీరువాలో ఉన్నాయో, ఆఫీసు రూములో ఉన్నాయో కనుక్కుని రేపు రాత్రికి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ