డేటాబేస్ దారికి తాళం: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆసుపత్రి రికార్డులను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోకి మార్చే పనిని నీకే అప్పగించారనీ, సర్వర్ హైదరాబాదులోను, దానికి కనెక్టయ్యే కంప్యూటర్లు జిల్లా శాఖల్లోను ఉంటాయనీ అక్క చెప్పినప్పుడు పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

సర్వర్‌కు గుర్తింపు పత్రంలాంటి సర్టిఫికెట్ చేయించుకోవడం, దారిలో వెళ్లే డేటాను ఎవరూ చదవలేని గూఢాక్షరాలుగా మార్చే, అంటే ఎన్‌క్రిప్ట్ చేసే, ఎస్‌ఎస్‌ఎల్‌ను సర్వర్‌లో ఆన్ చేయడం, దాని కొత్త రూపమైన టీఎల్‌ఎస్‌లో 1.2 కన్నా పాత వెర్షన్లను రానివ్వకపోవడం నీకు నేను నేర్పనక్కర్లేదు. నేను చెప్పవలసింది 2012లో నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు గురించి.

అప్పట్లో నేనొక ల్యాబ్‌కు డేటాబేస్ చూసేవాణ్ణి. ఒక రాత్రి సర్వర్‌ను కొత్త యంత్రంలోకి మార్చినప్పుడు సర్టిఫికెట్‌కు జోడీగా సర్వర్ రహస్యంగా దాచుకోవలసిన ప్రైవేట్ కీ ఫైలు అందరూ చదవగలిగే అనుమతులతో కాపీ అయింది. అటువంటి కీతో పోస్ట్‌గ్రెస్ లేవనే లేవదు. అనుమతిని 0600కు, అంటే ఫైలు యజమానికి మాత్రమే అందేలా, మారిస్తే చాలునన్న సంగతి ఆ కంగారులో తట్టక, తెల్లవారితే శాంపిళ్లు వచ్చిపడతాయన్న భయంతో ఎస్‌ఎస్‌ఎల్‌ను ఆఫ్ చేసి సర్వర్‌ను లేపాను, పొద్దున సరిచేద్దామనుకున్నాను. పొద్దున ఏ శాఖ నుంచీ ఫిర్యాదు రాలేదు, నేనూ మరిచిపోయాను. క్లయింట్లలో, అంటే సర్వర్‌కు కనెక్టయ్యే కంప్యూటర్లలో, ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ అనే సెట్టింగును ఎవరూ ముట్టుకోలేదు కనుక అది డీఫాల్ట్‌గా వచ్చే ప్రిఫర్‌లోనే ఉండిపోయింది. ప్రిఫర్ అంటే, సర్వర్ ఒప్పుకుంటే ఎన్‌క్రిప్షన్, ఒప్పుకోకపోతే కిక్కురుమనకుండా మామూలు కనెక్షన్. నాలుగు నెలల తర్వాత, నెట్‌వర్క్ నెమ్మదించిందని ఒక కుర్రవాడు ప్యాకెట్లు పట్టి చూస్తే, తెర మీద రోగుల పేర్లూ వాళ్ల హెచ్‌ఐవీ పరీక్షల ఫలితాలూ అచ్చక్షరాల్లో కనబడ్డాయి. అది చూసి ఆ కుర్రవాడు తల తిప్పుకున్నాడు.

కాబట్టి తల్లీ, క్లయింట్లన్నింటిలో ఆ మోడ్‌ను వెరిఫై-ఫుల్‌గా పెట్టు. ఎన్‌క్రిప్షన్ లేనిదే కనెక్ట్ కానివ్వని రిక్వైర్ మోడ్ చాలదా మామయ్యా అంటావని తెలుసు, నీ బద్ధకం చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. సర్టిఫికెట్ మీది సంతకాన్ని సరిచూడడానికి వాడే రూట్ సర్టిఫికెట్ ఇవ్వనంతవరకు రిక్వైర్ మాటలను దాస్తుందే గాని, అవతల ఉన్నది మన సర్వరేనా అని అడగదు. వెరిఫై-ఫుల్ సర్టిఫికెట్ మీది సంతకాన్నీ, సర్వర్ పేరునూ కూడా సరిచూస్తుంది. సర్వర్ వైపు, ఎవరు ఎలా కనెక్ట్ కావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలులో, హోస్ట్ అన్న పంక్తులను ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్లనే ఒప్పుకునే హోస్ట్‌ఎస్‌ఎస్‌ఎల్‌గా మార్చు. మొదట సరిపోయిన పంక్తే చెల్లుతుంది కనుక, పైన పాత పంక్తి ఒక్కటి మిగిలినా చేసిందంతా వృథా. నా కాలంలో లేని సౌకర్యం నీకుంది: 2016లో 9.5 వెర్షన్‌తో వచ్చిన పీజీ స్టాట్ ఎస్‌ఎస్‌ఎల్ వ్యూలో ఏ కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందో కనబడుతుంది, వారానికొకసారి చూడు. సర్టిఫికెట్ గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకో. అది అర్ధరాత్రి ముగిసిందంటే, నాకు తోచిన ఉపాయమే నీకూ తోస్తుంది.

వాడకంలోకి తెచ్చేముందు టెస్ట్ సర్వర్‌లో ఎస్‌ఎస్‌ఎల్‌ను నువ్వే ఆఫ్ చేసి, ఒక శాఖ కంప్యూటర్ నుంచి కనెక్ట్ చేసి చూడు. కనెక్షన్ కుదరకూడదు. కుదిరిందంటే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి. 2012 సంగతి అక్కకు ఇంతవరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మామయ్య